మూత తీసి చూద్దామా!

"మూత తీశారంటే వారంటీ పోతుందండీ..."

ఇంట్లో ఏ వస్తువు పాడైనా, మనం స్క్రూడ్రైవర్ పట్టుకోగానే ఎవరో ఒకరు ఈ మాట అననే అంటారు. ఆ మాటకి జడిసి ఎన్ని మిక్సీలు, ఎన్ని ఎమర్జెన్సీ లైట్లు పాతసామాన్ల బండికి వేసి ఉంటామో లెక్కలేదు. వారంటీ ఏనాడో అయిపోయిన వస్తువులకి కూడా మనం భయపడతాం. అదీ తమాషా!

రెండు నెలల కిందట మా ఇంట్లో ఓ మూత తీశాం. తీసిన పాపానికి మూడు వారాలు సరిగ్గా నిద్రలేదు. ఆ కథే ఈ వారం.

మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. గిటార్ వాయిస్తాడు. వాయిస్తాడని మేమంటాం. కింది వాటావాళ్లు ఇంకో మాట అంటారు, అది ఇక్కడ రాయడం బాగుండదు. వాడు ఇద్దరు టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పి, ఆ డబ్బులు దాచుకుని, ఓ సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్ పెడల్ ఒకటి కొన్నాడు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. పైన మూడు గుండీలు, కింద కాలితో నొక్కే స్విచ్. కాలేజీ ఫెస్ట్ ఇంకా మూడు వారాలుందనగా, ఓ సాయంత్రం ప్రాక్టీసులో వాడు కాస్త ఉత్సాహంగా తొక్కాడు. ఠప్... మని ప్లాస్టిక్ విరిగి స్విచ్ లోపలికి దిగిపోయింది.

షాపుకి పట్టుకెళ్లాం. కౌంటర్ దగ్గర అబ్బాయి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి రిపేర్ చేయం సార్. పారేసి కొత్తది తీసుకోండి" అన్నాడు.

దారిలో మావాడు, "వదిలెయ్ నాన్నా" అన్నాడు. విరిగిన స్విచ్ కంటే నాకు ఆ మాటే బాధేసింది. ఆరు నెలల ట్యూషన్ డబ్బు అది.

"మనమే బాగుచేద్దాం" అన్నాను.

"నీకొచ్చా?"

"రాదు. నేర్చుకుందాం."

ఇలాంటి డైలాగులు స్కూటర్ మీద వెళ్తున్నప్పుడు బాగానే ఉంటాయి. ఇంటికొచ్చి మూత తీశాకే కష్టాలు మొదలవుతాయి.

తప్పులోంచి పుట్టిన మోత

ఇంతకీ పెడల్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగితీగ ఉంటాయి. తీగ కదిలితే అక్కడ చిన్నపాటి కరెంటు తరంగం పుడుతుంది. అది వైర్లో ప్రయాణించి ఆంప్లిఫయర్‌కి చేరితే మనకి వినిపిస్తుంది. ఆ దారి మధ్యలో కూర్చుని తరంగం రూపాన్ని మార్చే డబ్బానే పెడల్. వాయించేవాడి రెండు చేతులూ ఖాళీగా ఉండవు కాబట్టి కాలితో నొక్కుతారు.

మావాడి దగ్గరున్నది 'ఓవర్ డ్రైవ్' రకం. శబ్దాన్ని కాస్త గరగరలాడించడం దాని పని. డబ్బులు పెట్టి మరీ శబ్దాన్ని పాడుచేసుకోవడమేమిటని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే!

దాని వెనక ఓ సరదా చరిత్ర ఉంది. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి 'డోంట్ వర్రీ' పాట రికార్డింగ్ జరుగుతోంది. గ్రేడీ మార్టిన్ అనే ఆయన బేస్ గిటార్ వాయిస్తున్నాడు. రికార్డింగ్ మిక్సర్లో ఓ భాగం పాడై, గిటార్ శబ్దం తుమ్మెద ఝంకారంలా జుమ్మని వచ్చింది. తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో పాట విడుదలైతే జనానికి ఆ జుమ్ము తెగ నచ్చింది. ఆ స్టూడియో ఇంజినీర్ గ్లెన్ స్నాడీ ఆ పాడైన శబ్దాన్ని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. అదే 1962లో 'మాస్ట్రో ఫజ్ టోన్' పేరుతో డబ్బాగా బజారుకొచ్చింది. మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం 'శాటిస్‌ఫాక్షన్' పాటలో దాన్ని వాడేసరికి గిరాకీ పెరిగిపోయింది.

అంతకు ముందు కూడా ఉన్నారు మహానుభావులు. 1958లో 'రంబుల్' అనే పాట కోసం లింక్ రే స్పీకర్లకి పెన్సిల్‌తో తూట్లు పొడిచాడంటారు. కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ 1964లో బ్లేడుతో స్పీకర్ కాగితం కోసేశాడు. అంటే పెడల్ అనే వస్తువు మొదలైందే ఎవరో ఒకరు మంచి సామాను మీద చేయి చేసుకోవడంతో అన్నమాట. ఇది విని మా ఆవిడ స్పీకర్ బాక్సుల్ని అటక మీద పెట్టించింది.

గుజరాతీ గల్లీలో ఓ శనివారం

మూత తీసి చూస్తే బోర్డు బాగానే ఉంది. విరిగింది డబ్బా, స్విచ్... అంతే. అయితే ఆ స్విచ్ బోర్డుకే అతికి ఉంది. మూడు గుండీల కంట్రోళ్లూ బోర్డుకే ఉన్నాయి. డబ్బా మార్చాలంటే అవన్నీ ఊడదీసి, కొత్త డబ్బాకి బిగించి, వైర్లతో మళ్లీ బోర్డుకి కలపాలి. దీన్నే వాళ్ల భాషలో 'రీహౌసింగ్' అంటారు. మన భాషలో ఇల్లు మారడం.

మాకు కలిసొచ్చిన విషయం ఒకటుంది. అది పాత కాలపు పద్ధతిలో చేసిన బోర్డు. రెసిస్టర్లు, కెపాసిటర్లు కంటికి కనిపించే సైజులో ఉన్నాయి, వాటి కాళ్లు బోర్డు కిందికి దిగి ఉన్నాయి. ఇప్పటి చౌక పెడల్స్‌లో చాలావాటికి నువ్వుగింజంత భాగాలు బోర్డు మీదే అతికి ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అలాంటి దానితో మొదలెట్టకపోవడం మంచిది.

శనివారం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాం. చిన్నప్పుడు మా అన్నయ్యతో రేడియో కిట్ కోసం వెళ్లిన గల్లీ. ఇప్పుడూ అదే రద్దీ, అవే ఇరుకు షాపులు, అదే 'ఎన్ని కావాలి, తొందరగా చెప్పండి' ధోరణి. రెసిస్టర్లు గుప్పెడు, కెపాసిటర్లు కొన్ని, రంగురంగుల వైర్లు, గిటార్ వైరు గుచ్చే జాక్‌లు రెండు, అడాప్టర్ పిన్ను గుచ్చే డీసీ జాక్ ఒకటి, ఎల్ఈడీ, దాని హోల్డర్ తీసుకున్నాం.

డబ్బా, కాలి స్విచ్ మాత్రం ఆన్‌లైన్లో తెప్పించాం. పెడల్స్ కోసం అందరూ వాడేది పోతపోసిన అల్యూమినియం డబ్బా. '1590బి' అని అడగాలి. అది హామండ్ అనే కంపెనీ పెట్టిన నంబరు. ఇప్పుడు ఎవరు చేసినా జనం ఆ పేరుతోనే అడుగుతారు. పొడవు దాదాపు 112 మిల్లీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 31. దానికంటే ఓ సైజు పెద్దది '125బి'. మొదటిసారి చేసేవాళ్లు పెద్దదే కొనుక్కోండి. మేం చిన్నది ముద్దుగా ఉందని కొని, లోపల జాగా చాలక నానా అవస్థా పడ్డాం.

ప్లాస్టిక్ పోయి లోహం రావడంలో గట్టితనం కాక ఇంకో లాభమూ ఉంది. ట్యూబ్‌లైటు నుంచీ, ఇంటి వైరింగ్ నుంచీ వచ్చే జుయ్ మనే మోతని లోహపు డబ్బా లోపలికి రానివ్వదు. అయితే డబ్బాని సర్క్యూట్ ఎర్త్‌కి కలపాలి. అది మరిచిపోతే గోడలున్నా తలుపు తీసిపెట్టినట్టే.

అద్దంలో బొమ్మ

మొదటి తప్పు నాది. (రెండోదీ నాదే. ఆగండి, వస్తున్నా.)

అల్యూమినియం డబ్బాకి బెజ్జాలు వేయడం పెద్ద కష్టం కాదు. కొలతలు కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని డబ్బాకి అతికించి, సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టి, మొదట 3 మిల్లీమీటర్ల బిట్‌తో సన్న బెజ్జం వేసుకోవాలి. తర్వాత పెద్దది చేసుకోవాలి. గుండీలకి 7, జాక్‌లకి దాదాపు పది, కాలి స్విచ్‌కి 12 మిల్లీమీటర్లు. డబ్బాని చేత్తో పట్టుకుని డ్రిల్ చేయకూడదు. బిట్ పట్టేసిందంటే డబ్బా గిర్రున తిరిగి వేళ్లు కోసేస్తుంది. బెంచి వైస్‌లో చెక్కముక్కల మధ్య బిగించుకోవాలి. కళ్లద్దాలు తప్పనిసరి. అంచులు ఆకురాయితో, ఆపైన ఉప్పు కాగితంతో నున్నగా చేసుకోవాలి.

ఇవన్నీ శ్రద్ధగా చేశాను. గుండీలు ఎక్కడ రావాలో పాత డబ్బాని బోర్లించి, లోపలివైపు నుంచి కొలిచి గీశాను. ఆ కాగితాన్ని తీసుకెళ్లి కొత్త డబ్బాకి బయటివైపు అతికించాను! లోపల ఎడమ అయితే బయట కుడి అవుతుందన్న ముక్క యాభై ఏళ్ల వయసులో నాకు తట్టలేదు. జాక్‌ల బెజ్జాలు మాత్రం మావాడు బయటి నుంచే కొలిచి సరిగ్గా వేశాడు. దాంతో పైభాగం అద్దంలో బొమ్మలా తిరగబడింది, పక్కలు సరిగ్గా ఉన్నాయి. గుండీ బిగిస్తే అది సరిగ్గా జాక్ నాలుక మీద కూర్చుంది.

ఇంకో బెజ్జం వేసి, పనికిరాని బెజ్జాన్ని ఓ మిల్లీమీటరు పెద్దది చేసి, అందులో ఎల్ఈడీ పెట్టాం. దీపం మధ్యలో కాకుండా ఓ పక్కకి ఉండటం కొత్త డిజైన్ అని మావాడి స్నేహితులు ఇప్పటికీ అనుకుంటున్నారు.

లేచిపోయిన దారి

ఇక రెండో తప్పు. బోర్డు మీంచి గుండీలు ఊడదీయాలి. ఒక్కోదానికి మూడేసి కాళ్లు. ఒక కాలి దగ్గర సీసం కరిగిస్తే ఇంకో కాలి దగ్గర గడ్డకడుతుంది. ఇంట్లో ఎప్పటిదో అరవై వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంది. దాన్ని ఎర్రగా కాల్చి, బోర్డుకి ఆనించి, గుండీని పట్టుకుని పైకి లాగాను. వచ్చింది. దాంతోపాటు బోర్డు మీది రాగి దారి కూడా వెంట్రుకలా లేచి తెగిపోయింది.

మావాడు చూశాడు. ఏమీ అనలేదు. లేచి వెళ్లి, గిటార్ తీసి, ఆంప్లిఫయర్ పెట్టకుండా ఉత్తినే వాయించుకుంటూ కూర్చున్నాడు. నాలుగు మాటలు అన్నా బాగుండేది. ఫెస్ట్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. కొత్తది కొనిపెట్టడం నాకు కష్టం కాదు. కానీ 'నేర్చుకుందాం' అన్నది నేను. వాడి కష్టార్జితాన్ని పట్టుకుని నేర్చుకున్నది నేను. ఆ రాత్రి చాలాసేపు ఆ బోర్డునే చూస్తూ కూర్చున్నాను.

పొద్దున్నే లేచేసరికి ఓ మనిషి గుర్తొచ్చాడు.

టీవీ బాబాయ్

మా కాలనీ మొదట్లో జిరాక్స్, రీఛార్జ్ షాపు ఒకటుంది. పాతికేళ్ల కిందట అదే గదిలో టీవీ రిపేరు షాపు ఉండేది. ఈసీ టీవీ, డయనోరా, సాలిడైర్... ఎన్ని డొక్కలు తీసిన టీవీలు అక్కడ గోడ వారగా ఉండేవో! క్రికెట్ మ్యాచ్ ముందురోజు ఆయన్ని పిలవడానికి ఇంటింటి నుంచీ పిల్లల్ని పంపేవాళ్లు. మాకందరికీ ఆయన టీవీ బాబాయ్. ఇప్పుడు షాపు వాళ్లబ్బాయి చూసుకుంటున్నాడు. డెబ్భై దాటిన బాబాయ్ బయట కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటూ ఉంటాడు. ఎన్నోసార్లు నమస్కారం పెట్టి దాటిపోయాను గానీ, ఆయన చేతిలో ఓ విద్య ఉందన్న సంగతే మరిచిపోయాను.

బోర్డు చూపించాను. కళ్లజోడు మార్చుకున్నాడు.

"ఎన్ని వాట్ల ఐరన్‌తో పీకావు నాన్నా?"

"అరవై, బాబాయ్."

"అరవయ్యా! దాంతో బిందెకి మాటు వేసుకోవచ్చు. ఇలాంటివాటికి పాతిక చాలు. ముందు సీసం లాగెయ్యాలి, తర్వాత భాగం తియ్యాలి. నువ్వు పన్నుతోపాటు చిగురూ పీకావు."

లోపలికెళ్లి రేకు డబ్బా ఒకటి తెచ్చాడు. అందులో సన్న మొన ఉన్న ఐరన్, సీసం పీల్చే పంపు, బ్లేడు, మల్టీమీటర్. ఎన్నాళ్లయిందో తీసి! ఐరన్ మొనని తడిగుడ్డకి తుడిచి, కాస్త సీసం తగిలించి, తళతళలాడించాడు. "వంటగిన్నెకి కళాయి పెట్టినట్టే దీనికీ పెట్టాలి. లేకపోతే వేడి దిగదు" అన్నాడు. తెగిన రాగి దారికి అటూ ఇటూ ఉన్న పచ్చరంగుని బ్లేడుతో గీకాడు. కత్తిరించి పారేసే రెసిస్టర్ కాలు ఒకటి తీసుకుని, ఆ రెండు కొసల మధ్యా వంతెనలా వేసి అతికించాడు. పది నిమిషాలు పట్టలేదు.

"రాగి పోతే పోయింది గానీ, దారి ఎటు నుంచి ఎటో తెలుస్తూనే ఉంది కదా" అన్నాడు.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మీవాడిని పంపు. షాపు మూశాక ఎనిమిదింటికి రమ్మను. నువ్వు రాకు" అన్నాడు.

తొమ్మిది కాళ్ల స్విచ్

అలా నాలుగు సాయంత్రాలు వాడు వెళ్లాడు. నా పని ఫ్లాస్కులో టీ పంపడం. వాడు వచ్చి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పాఠం సోల్డరింగ్. సీసాన్ని ఐరన్ మొనకి అంటించి మోసుకెళ్లి రుద్దకూడదు. ముందు కాలునీ, వైరునీ వేడిచేయాలి. ఆ వేడెక్కిన చోట సీసం ఆనిస్తే అదే కరిగి చుట్టుకుంటుంది. సరిగ్గా పడిన టాకా మెరుస్తుంది. మసకగా, ఉండలా ఉంటే అది డ్రై సోల్డర్. ఇవాళ పనిచేస్తుంది, రేపు స్టేజీ మీద ఆగిపోతుంది. కిటికీ తీసి ఉంచుకోవాలి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రెండోది కాలి స్విచ్. దానికి మూడు వరసల్లో మూడేసి, మొత్తం తొమ్మిది కాళ్లు. చూడగానే గుండె జారిపోతుంది గానీ, అవి ఒకే మీటతో నడిచే మూడు స్విచ్‌లు, అంతే. ఒకటి గిటార్ నుంచి వచ్చే తరంగాన్ని బోర్డులోకి పంపుతుంది. రెండోది బోర్డు నుంచి వచ్చేదాన్ని బయటికి పంపుతుంది. మూడోది ఎల్ఈడీ వెలిగిస్తుంది. ఇంకోసారి నొక్కితే బోర్డుని పూర్తిగా పక్కన పెట్టి, గిటార్‌ని నేరుగా ఆంప్లిఫయర్‌కి కలుపుతుంది.

మూడోది ఓ చిన్న కిటుకు. గిటార్ వైరు గుచ్చే జాక్ మోనో కాకుండా స్టీరియోది పెడతారు. దానికి అదనంగా ఉన్న కాలికి బ్యాటరీ మైనస్ కలుపుతారు. వైరు గుచ్చితేనే బ్యాటరీ కలుస్తుంది, తీస్తే తెగుతుంది. వేరే ఆన్-ఆఫ్ బటన్ అక్కర్లేదు. వాయించడం అయ్యాక గిటార్ వైరు పీకెయ్యమని చెప్పేది అందుకే.

నాలుగోది బాబాయ్ సమయానికి పట్టుకోకపోతే మా కొంప ముంచేది. పెడల్ అడాప్టర్లలో చాలావాటికి మధ్య పిన్ను మైనస్, బయటి గొట్టం ప్లస్. మేం కొన్న డీసీ జాక్ లోహానిది. దాన్ని అల్యూమినియం డబ్బాకి బిగిస్తే 9 వోల్టుల ప్లస్ నేరుగా డబ్బాకి తగులుతుంది. డబ్బా ఎర్త్‌కి కలిపి ఉంది. అంటే షార్ట్! ప్లాస్టిక్ డబ్బాలో రాని తంటా ఇది. అడాప్టర్ గుచ్చబోతున్న వాడి చెయ్యి పట్టుకుని, "కరెంటు పెట్టేముందు మీటరు పెట్టు బాబూ" అన్నాడట. మీటరు ప్లస్‌కీ, ఎర్త్‌కీ పెడితే కుయ్ మంది. మర్నాడు గుజరాతీ గల్లీకి మళ్లీ పరుగెత్తి, మెడ దాకా ప్లాస్టిక్ ఉన్న జాక్ తెచ్చాం.

చదివేవాళ్లకి ఓ హెచ్చరిక. ఇదంతా 9 వోల్టుల వ్యవహారం కాబట్టి తప్పు చేస్తే పోయేది భాగాలే. ఇదే ధైర్యంతో ఇంటి కరెంటుకి నేరుగా తగిలించే ఆంప్లిఫయర్ మూత తీయకండి. ప్లగ్ పీకేశాక కూడా అందులో కెపాసిటర్లు ప్రాణాలు తీసేంత కరెంటు దాచుకుని ఉంటాయి.

మూగనోము

ఫెస్ట్ మూడు రోజులుందనగా అన్నీ బిగించారు. వినడానికి బాబాయ్ మెల్లగా మా మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చాడు. ఆంప్లిఫయర్ పెట్టారు. ఎల్ఈడీ వెలిగింది. మావాడు తీగ మీటాడు.

నిశ్శబ్దం.

మళ్లీ మీటాడు. ఊహూ! స్విచ్ నొక్కి పెడల్ ఆపి మీటాడు. అప్పుడూ లేదు. వాడి మొహం చూడలేకపోయాను. బాబాయ్ మాత్రం టీ ఊదుకుంటూ, "ఆపినా రావట్లేదు కదా. అయితే ఆ తప్పు బోర్డులో ఉంటుందా?" అని అడిగాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

వాడు కాసేపు ఆలోచించాడు. పెడల్ ఆపితే గిటార్ నేరుగా వెళ్లిపోతుంది. బోర్డుతో పనిలేదు. అప్పుడూ రావట్లేదంటే తప్పు స్విచ్‌లో ఉండాలి, లేదా జాక్‌లలో ఉండాలి. మీటరు తీసుకుని ఒక్కో వైరూ పట్టుకుని వెళ్లాడు. అరగంట తర్వాత దొరికింది. బయటికి వెళ్లే జాక్‌కి రెండు వైర్లూ అటుదిటు, ఇటుదటు అతికాయి. శబ్దమంతా తిన్నగా ఎర్త్‌లోకి పోతోంది. మార్చి మీటాడు.

వచ్చింది! కింది వాటావాళ్ల తలుపు చప్పుడు కూడా వచ్చింది.

మెట్లు దిగుతుంటే అడిగాను, "మీకు ముందే తెలుసు కదా బాబాయ్?"

"జాక్ చూడగానే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"నేను చెబితే ఇవాళ మోగేది. మళ్లీ పాడైనప్పుడు నేనుంటానో లేదో."

ఫెస్ట్‌కి నన్ను రావద్దన్నాడు మావాడు. వెళ్లలేదు. రాత్రి వచ్చి, "ఆగలేదు నాన్నా" అన్నాడు. పాట ఎలా ఉందో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక్కోటి, ఒక్కోసారి

ఇల్లు మారాక ఊరుకుంటారా? గోడలకి రంగులు, తలుపులకి తెరలు మొదలవుతాయి. పెడల్‌కీ అంతే. దీన్నే 'మాడింగ్' అంటున్నారు.

మా బోర్డు, ఐబనీజ్ కంపెనీ 1970ల చివర్లో తెచ్చిన 'ట్యూబ్ స్క్రీమర్' అనే ప్రసిద్ధ పచ్చ పెడల్ సర్క్యూట్‌కి నకలు. దాని మొదటి మోడల్ 808. తర్వాత 1980ల్లో వచ్చింది 9. ఈ రెండింటికీ సర్క్యూట్‌లో ముఖ్యమైన తేడా చివర ఉన్న రెండు రెసిస్టర్లే. పాతదాంట్లో 100 ఓములు, 10 కిలో ఓములు. కొత్తదాంట్లో 470 ఓములు, 100 కిలో ఓములు. పాత 808 కోసం సరదాపడేవాళ్లు ఎన్నో రెట్లు ధర పెడతారు. రెండు రెసిస్టర్ల ఖరీదు గుజరాతీ గల్లీలో టీకి కూడా సరిపోదు. మేం మార్చి విన్నాం. వాడికి తేడా తెలిసిందట. నాకు తెలియలేదు.

నాకూ తెలిసిన మార్పు ఇంకోటుంది. ఆ సర్క్యూట్‌లో 4.7 కిలో ఓముల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ జంటగా ఉంటాయి. ఏ స్థాయి కింద మంద్రస్వరాలకి గరగర తగ్గాలో నిర్ణయించేది ఆ జంటే. లెక్క వేస్తే 720 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. కెపాసిటర్ తీసి 0.1 పెడితే అది 340 దాకా దిగుతుంది. అంటే లావు తీగల శబ్దానికి కండ పడుతుంది. మార్చాక నిజంగానే కిటికీ అద్దం అదిరింది.

ఇక డయోడ్లు. వీటిని తక్కువ ఎత్తు గుమ్మంలా ఊహించుకోండి. గుమ్మం కంటే ఎత్తయిన తరంగం వస్తే తల తెగుతుంది. ఆ తెగడమే గరగర. మామూలు సిలికాన్ డయోడ్ గుమ్మం సుమారు 0.6 వోల్టుల ఎత్తు. పాతకాలపు జర్మేనియం అయితే 0.3. ఎర్ర ఎల్ఈడీ పెడితే 1.7 దాకా వెళ్తుంది. గుమ్మం ఎత్తు పెరిగితే తలలు తక్కువ తెగుతాయి, శబ్దం విచ్చుకుంటుంది, గట్టిగానూ వస్తుంది. మావాడు జర్మేనియం పెట్టాడు, ఎల్ఈడీ పెట్టాడు. రెండు వారాలు వాయించి, చివరికి మొదటి సిలికానే బాగుందని తీసి మళ్లీ అదే పెట్టాడు. దానికి నేనేం చింతించలేదు. కంపెనీవాడు అది ఎందుకు పెట్టాడో ఇప్పుడు వాడికి తెలుసు.

దీనికి బాబాయ్ పెట్టిన షరతు ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పు. తీసేముందు సెల్‌ఫోన్‌లో ఫొటో. తీసిన భాగాన్ని కాగితంలో చుట్టి పేరు రాసి పెట్టుకోవడం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, బాగుపడినా పాడైనా ఏది కారణమో తెలియదు. ఈ సూత్రం పెడల్స్‌కే అని ఆయన అనలేదు.

'కంపెనీవాళ్లు చేసినదాన్ని మనం మార్చొచ్చా?' అని ఎవరికైనా శంక ఉంటే పాలకొల్లు వైపు చూడండి. అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి మాండలిన్ దొరికితే, జంట తీగల ఎనిమిదింటినీ అలాగే ఉంచుకోలేదు. ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని, కర్ణాటక సంగీతంలోని గమకాలన్నీ దాని మీద పలికించాడు. 2014లో ఆయన వెళ్లిపోయాడు. మాండలిన్ శ్రీనివాస్ అనే పేరు మాత్రం ఉండిపోయింది. వాద్యం షాపులోంచి వచ్చేసరికి పూర్తయిపోయిందని ఆయన అనుకుని ఉంటే?

లెక్క చూసుకుంటే డబ్బా, స్విచ్, జాక్‌లు, కొత్త పాతిక వాట్ల ఐరన్, ఆటో ఛార్జీలు అన్నీ కలిపి అలాంటి పెడల్ కొత్తది కొనేదానికంటే రెండొందలు ఎక్కువే అయింది. డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు వారంలో రెండు రాత్రులు జిరాక్స్ షాపు ఎనిమిదింటికి మూయడం లేదు. మావాడి స్నేహితులు మోగని పెడల్స్, తెగిన వైర్లు పట్టుకొస్తున్నారు. బాబాయ్ పేపరు చదవడం తగ్గించాడు. "టీవీలు పలచబడ్డాక నా పనీ పలచబడిందనుకున్నా" అని నవ్వుతాడు.

మొన్నోరోజు ఆ పెడల్ మూత తీసి ఉంటే చూశాను. లోపలివైపు నల్ల మార్కర్‌తో ఓ తేదీ రాసి ఉంది. బాబాయ్ రాత. పాతకాలం రేడియో మెకానిక్‌లు పెట్టె లోపల ఇలాగే రాసేవాళ్లు. ఎప్పుడు తెరిచారో, మళ్లీ తెరిచేవాడికి తెలియాలి కదా!

దాని కింద ఇంకో తేదీ ఉంది. ఆ రాత మావాడిది. దాని పక్కనే 'కెపాసిటర్ మార్చాను, 0.1' అని రాసి ఉంది. కింద ఇంకా చాలా జాగా ఉంది.